రాజు దుంకిన ఆదివారాలు

2004 జూన్ 13, ఆదివారం, ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు మా అన్న వనపర్తిలోని మా ఇంటి అరుగు మీద చదరంగం బోర్డు పరిచాడు. గద్వాల నుంచి పొద్దుటి బస్సుకు వచ్చాడు. నేను లెక్కల టీచరుగా రిటైరై అప్పటికి పదమూడు రోజులు.

ఆనాటి నుంచి రెండు వారాలకొకసారి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ రెండు ఆటలు. ఒకటి తను మొదలుపెట్టేది, ఒకటి నేను. ప్రతి ఎత్తునూ నోటుపుస్తకంలో రాసేదాన్ని.

"ఏంది చెల్లె, ఇంకా హాజరు పట్టీ రాస్తనే ఉన్నవ్? ఓడినోళ్లకు గైర్హాజరు ఏస్తవా?" అనేవాడు.

"ఓడేది నేనే కదనే, నీకేం పరేషాన్?" అనేదాన్ని.

అన్న ఆట మొదలుపెట్టే తీరు ఎప్పుడూ ఒక్కటే. మధ్యనున్న సిపాయిలను ముందుకు తోసేవాడు. కుడి గుర్రం ముందున్న సిపాయిని ఒక గడి జరిపేవాడు. తర్వాత రాజును ఎత్తి, గుర్రంలాగా, ఖాళీ అయిన ఆ గడిలోకి దుంకించేవాడు. మా నాయిన నేర్పిన పాత ఆటలో, రాజు మీదికి ఇంకా దాడి రాకముందు, ఒక్కసారి ఆ హక్కు ఉండేది. పుస్తకాల ఆటలో లేదు. నేను పుస్తకం ప్రకారమే ఏనుగుతో కలిపి రాజును మూలకు చేర్చేదాన్ని. ఆయన దుంకుడుకు మాత్రం అడ్డు చెప్పలేదు.

2005 డిసెంబర్ 11 నాటికి నలభై ఆదివారాలు, ఒక్కటీ తప్పలేదు. అన్న మొదలుపెట్టిన నలభై ఆటల్లో గెలిచినవి ఇరవై ఏడు, ఓడినవి తొమ్మిది, తేలనివి నాలుగు. నూటికి అరవై ఏడున్నర గెలుపులు. నేను మొదలుపెట్టిన వాటిలో నా గెలుపులు పద్దెనిమిదే. అన్న గెలుపుల అంకె చూసే, డిసెంబర్ 25న నాగర్‌కర్నూల్‌లో పెద్దవాళ్లకు పెట్టిన పోటీలో అన్న పేరు రాయించాను. అక్కడ దుంకుడు చెల్లదని బస్సులో ఒకసారి చెప్పాను.

"తెల్సు తియ్యి చెల్లె," అన్నాడు.

చిన్ననాటి నుంచి చేతికి పట్టిన అలవాటుకు ఒక్క మాట సరిపోతుందనుకున్నాను. దుంకుడు లేకుండా ఒక్క ఆటైనా ఆడించి చూడలేదు.

పోటీలో అన్న ఎదుట కూర్చున్నది బట్టలు కుట్టే ఒక ముస్లిం పెద్దమనిషి. ఎనిమిదో ఎత్తుకు అన్న చెయ్యి రాజును పట్టుకుని దుంకించింది.

"అరే భాయ్, రాజు గుర్రమెక్కిండా ఏంది?" అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పోటీ నడిపే మనిషి వచ్చి, దుంకుడు చెల్లదని, ముట్టిన పావునే కదపాలన్నాడు. అన్న రాజును వెనక్కి తెచ్చి ఒక గడి ముందుకు జరిపాడు, నడిమధ్యకు. మరో పదకొండు ఎత్తుల్లో ఓడిపోయాడు.

తిరుగు బస్సు బిజినేపల్లి దాటాక అన్న అడిగాడు.

"నాయిన తప్పు నేర్పిండా?"

"పుస్తకం ప్రకారం తప్పే," అన్నాను.

తప్పు కాదు, అది పాత ఆట అనే జవాబు ఒకటుందని ఆ రోజు నాకు తోచలేదు.

ఆపై ఇంట్లోనూ పుస్తకం ప్రకారమే ఆడదామన్నది నేనే. ఆరు ఆదివారాలు ఆడాం. తను మొదలుపెట్టిన ఆరింటిలో అన్న గెలిచింది ఒకటి. రాజు మధ్యలోనే ఉండిపోయేది. ఏ పావును ముట్టాలన్నా చెయ్యి గాలిలో ఆగేది. ఏప్రిల్ 2న రాలేదు. ఫోన్ చేస్తే మోకాళ్లు నొస్తున్నాయన్నాడు.

అప్పుడు నోటుపుస్తకం ముందేసుకుని ఆ ఇరవై ఏడు ఆటలనూ మళ్లీ ఆడి చూశాను. దుంకుడు వల్లనే గెలిచినవి నాలుగు. తక్కిన ఇరవై మూడింటిలో, ఇరవయ్యో ఎత్తు దాటాక నేనే గుర్రాన్నో ఏనుగునో ఊరికే అప్పగించాను. మాలాంటి వాళ్ల ఆటలో మొదటి పది ఎత్తులు గెలిపించేది అంత తక్కువ. కానీ రాజును ఆ గడిలో పెట్టాక అన్న కాళ్లు ముడుచుకుని కుదురుగా కూర్చునేవాడు, ఏ ఎత్తుకూ తొందరపడేవాడు కాదు. అది నేను ఎక్కడా రాసుకోలేదు.

బోర్డు పట్టుకుని గద్వాల పోయాను. అన్న మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఎదురు వచ్చి నా సంచి అందుకున్నాడు. పావులు పేర్చాను.

"దుంకించు అన్నా. మన ఇంటి ఆట, మన ఇష్టం."

రాజు మీద చెయ్యి పెట్టి తీసేశాడు.

"ఇప్పుడు నువ్వు ఊకుంటవని దుంకినట్టయితది చెల్లె. అప్పుడు నిజంగ దుంకేది," అన్నాడు. జొన్నరొట్టె తిని పొమ్మన్నాడు. తిని వచ్చాను.

ఆడిన ఆదివారాలు నలభై ఆరు, ఆటలు తొంభై రెండు. 2006 ఏప్రిల్ 2 నుంచి, అన్న బతికున్న చివరి ఆదివారం, 2009 మార్చి 15 దాకా, రెండు వారాలకొకటి చొప్పున, పోయిన ఆదివారాలు డెబ్బై ఎనిమిది. ఆడని ఆటలు నూట యాభై ఆరు. వాటితో పాటు పోయింది నాయిన నేర్పిన ఎత్తు ఒకటి. అన్న ఒకడు.