మామగారు కట్టించిన ఆఖరి లారీ

పంగుని నెల, శుక్రవారం. రుబ్బింది: ఇడ్లీకి ఒక పడి బియ్యం. ఉతికింది: కర్మకు వచ్చినవాళ్ళు కప్పుకున్న దుప్పట్లన్నీ. తిరిగి ఇచ్చింది: పక్కింటివాళ్ళ పెద్ద అండా, ఎదురింటివాళ్ళ చాపలు. మిగిలింది: ఇది రాయడం.

మా మామగారు పోయారు. మధ్యాహ్నం మజ్జిగన్నం తిని పడుకున్నవారు నాలుగు గంటల కాఫీకి లేవలేదు. కాఫీ కాస్త ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరి వేసే మనిషి. రెండుసార్లు పిలిచినా పలకలేదంటే, గ్లాసు కింద పెట్టకముందే నాకు తెలిసిపోయింది.

మన సంఘం పత్రికకు రెండు మాటలు రాయమన్నారు. ఒట్టన్‌చత్రం మార్కెట్ నుంచి పాలక్కాడు దాకా కూరగాయల లోడు తోలిన మనిషిగా మీలో చాలామంది ఆయనను ఎరుగుదురు. ఆయన ఆఖరి లారీని మాత్రం మీరు చూసి ఉండరు. అది మా హాల్లో, టీవీ పక్కన మూలలో ఉంది. దానికి చక్రాలు లేవు.

లారీ అమ్మేసిన తరువాత ఆయన మా చిన్న వ్యాను తోలుకుంటూ కాలం గడిపారు. ఒక కంటి చూపు తగ్గిందని డాక్టరు చెప్పినా వినలేదు. ఒకరోజు రివర్సు చేస్తూ ఎదురింటి కాంపౌండు గోడ పడగొట్టారు. గోడను రోడ్డు మీదికి జరిపి కట్టిన తప్పు ఎదురింటాయనదే అని వాదించారు. మా ఆయన గోడ కట్టించి ఇచ్చి, వ్యాను తాళంచెవి బీరువాలో పెట్టి మూసేశారు. ఆ రోజు నుంచి మామగారికి మాట తగ్గింది, అన్నం సగమైంది. ఆస్పత్రికి తీసుకుపోతే అన్నీ చూసి, ఒంట్లో ఏమీ లేదన్నారు. ఒంట్లో లేనిదేమిటో మాకందరికీ తెలుసు. స్టీరింగు లేకపోతే ఈ మనిషి మాకు దక్కరని నాకు భయం పట్టుకుంది.

మా అమ్మాయి కాలేజీలో చదువుతోంది. తన ల్యాప్‌టాప్‌లో లారీ తోలే ఆట ఒకటి పెట్టి తాతకు చూపించింది. ఆ ల్యాప్‌టాప్ పాఠాలకు కొన్నది. అందులో లారీ రెండడుగులు వేసి ఆలోచించుకుని మళ్ళీ రెండడుగులు వేసేది. మామగారు దగ్గరికి జరిగి కూర్చుని చాలాసేపు చూశారు. "డీసెల్ లైన్లో గాలి పట్టింది పాపా. గాలి తీయాల," అన్నారు. ఎన్నో వారాల తరువాత ఆయన నోట వచ్చిన నిండు మాట అది.

ఆటలకు పనికొచ్చే కంప్యూటరు కట్టిద్దామని ఆ సాయంత్రమే అనుకున్నాం. నలభై వేలు ఇస్తానన్నాను. నలభై వేల ఒకటి అయినా ఇవ్వనని కూడా అన్నాను. అన్నీ కలిపి ఒకే పెట్టెగా అమ్మేది కొంటే అంత డబ్బుకు మంచిది రాదనీ, ఒక్కొక్క భాగం విడిగా ఏరి కొనాలనీ మా అమ్మాయి భయపడుతూ చెప్పింది. మామగారికి అందులో వింత ఏమీ కనబడలేదు. నా వైపు తిరిగి అన్నారు:

"లారీని లారీగా ఎవడు కొంటాడు అమ్మణీ? చాసిస్ ఒక చోట, బాడీ నామక్కల్లో, టార్పాలిన్ ఇంకొక చోట. మనమే కూర్చి కట్టించుకోవాల."

అలా మదర్‌బోర్డు చాసిస్ అయింది, ప్రాసెసరు ఇంజినైంది, దాని మీది ఫ్యాను రేడియేటరైంది. తాతకు ఇంత త్వరగా అర్థమైపోయిందని మా అమ్మాయి పొంగిపోయింది. అసలు కష్టం అర్థమైన దగ్గరే మొదలైంది.

డబ్బులో ఎక్కువ భాగం గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలని మా అమ్మాయి లెక్క. అదేం చేస్తుందని ఆయన అడిగారు. బొమ్మలు వేస్తుందని అమ్మాయి చెప్పింది. ఇంజిన్‌లో మిగిల్చి పెయింటరుకు పోసేవాడు బాగుపడిన చరిత్ర లేదని ఆయన భీష్మించారు. తాతా మనవరాలు మాట్లాడుకోవడం మానేశారు. ఇద్దరికీ విడివిడిగా వడ్డించడం నా వల్ల కాక, నేనే కూర్చోబెట్టి మాట్లాడించాను. లారీయే కాదు, దాని కింద రోడ్డును కూడా ఆ కార్డే వేయాలని అమ్మాయి చెప్పింది. మామగారు మీసం దువ్వుకున్నారు.

"అట్లయితే అది పెయింటరు కాదు, రోడ్డు కాంట్రాక్టరు. వాడి దగ్గర కక్కుర్తి పడితే దారంతా గుంతలే. ఇచ్చెయ్ అమ్మణీ."

కొత్త కార్డు మా డబ్బుకు రాదు. గాంధీపురంలో పాతవి అమ్మే అంగడికి ముగ్గురం వెళ్ళాం. అంగడాయన తళతళలాడే కార్డు ఒకటి బయట పెట్టాడు. మామగారు దాన్ని తిప్పి చూసి, వాసన చూసి, ముందు ఎవరు తోలారని అడిగారు. అంగడాయన నా ముఖం చూశాడు. కడిగి నిలబెట్టిన వండిని నమ్మకూడదనీ, బురద ఉన్నదే నిజం చెబుతుందనీ మామగారి సిద్ధాంతం. వండి అంటే మా వైపు బండే. చివరకు ఆ అంగడిలో అన్నిటికంటే దుమ్ము పట్టిన కార్డు ఏరి తీశారు. రెండింటికీ ధర ఒకటే. మా అమ్మాయి బస్సులో వేరే సీట్లో కూర్చుంది. ఇంటికొచ్చి దుమ్ము ఊదితే నేను మరునాటి దాకా తుమ్మాను. కార్డు మాత్రం ఈ రోజుకూ నడుస్తోంది. తళతళలాడింది ఎలా నడిచేదో తెలియదు కనుక ఆ వాదన ఇంకా తెగలేదు.

తరువాత స్టెప్నీ గొడవ. స్టెప్నీ లేని వండి వాకిలి దాటకూడదట. ర్యామ్ ఒకటి, ఫ్యాను ఒకటి, కరెంటు పంచే పవర్ సప్లై ఒకటి అదనంగా కొనమన్నారు. ఇంట్లో మిక్సీకే రెండో జార్ లేదు మామా అన్నాను. ఆయన మిక్సీని ఒకసారి, నన్ను ఒకసారి చూశారు. ఆ చూపు నేను మరిచిపోలేదు.

స్టీరింగు, పెడళ్ళు కూడా వచ్చాయి. మా అమ్మాయి అన్నీ బిగించింది. ఆన్ చేసే ముందు మామగారు పూజ అన్నారు. పసుపు కుంకుమ పెట్టెకు బయటే పెడతానని ఆమెకు మాట ఇచ్చి, అలాగే పెట్టారు. ఇక నిమ్మకాయలు. కొత్త లారీ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, వాటిని తొక్కించి కదిలిస్తేనే దిష్టి పోతుంది. ఈ పెట్టెకు నాలుగు రబ్బరు కాళ్ళు ఉన్నాయి. కింద నిమ్మకాయలు అమరాయి. పెట్టె కదలదు కాబట్టి పైనుంచి నొక్కాలని నిర్ణయం చేసి, ఒక పక్క మామగారు, ఇంకొక పక్క మా ఆయన కలిసి నొక్కారు. నిమ్మకాయలు బాగా పగిలాయి. పవర్ సప్లై గాలి పీల్చుకునే జల్లెడ పెట్టె అడుగునే ఉంటుందని మా అమ్మాయి చెప్పేలోపు రసం చివ్వున పైకి పోయింది. ఆగండి, ఆరనివ్వండి అని అమ్మాయి అంటూనే ఉంది. మంచి గడియ దాటిపోతుందని మా ఆయన స్విచ్ వేసేశారు. చిన్నగా టప్ అంది. హాలంతా కాలిన వాసన, కొంచెం ఊరగాయ వాసన. ఫ్రిజ్జుతో సహా ఇంట్లో కరెంటు పోయింది.

చీకట్లో మామగారి గొంతు నిదానంగా వచ్చింది. "దిష్టి దిగిపోయింది. స్టెప్నీ ఉండి ఉంటే ఇప్పుడు మార్చుకుని పోతా ఉందుము."

నలభై వేలు అయిపోయాయి. వచ్చే నెల చూద్దామన్నాను. మిగతా భాగాలు బతికే ఉన్నాయని మా అమ్మాయి పరీక్షించి చెప్పింది. మరునాడు పొద్దున నేను ముగ్గు వేసి లోపలికి వచ్చేసరికి మామగారు స్నానం చేసి, నామం పెట్టుకుని, పాత ఖాకీ చొక్కా వేసుకుని, వెలగని తెర ముందు కూర్చుని ఉన్నారు. చేతులు స్టీరింగు మీద ఉన్నాయి. ఎడమ వైపు మలుపు తిప్పుతున్నారు, మెల్లగా, అద్దం చూసుకుంటూ. నన్ను చూడలేదు. కొత్త మిక్సీకి తీసిపెట్టిన డబ్బుతో ఆ రోజే పవర్ సప్లై తెప్పించాను.

ఆ తరువాత మా ఇంట్లో రోజూ లోడే. ఆ ఆటలో ఊళ్ళన్నీ విదేశాలవి. హారన్ కొట్టని ఊళ్ళో తోలడం నేర్చినవాడు ఒట్టన్‌చత్రం మార్కెట్ వాకిట్లో పావుగంట నిలవలేడని విసుక్కునేవారు. టోల్‌గేటు వస్తే చొక్కా జేబు తడుముకునేవారు. డ్రైవరు నిద్రపోవాలని ఆట హెచ్చరిస్తే, బండి ఆపి, కుర్చీలోనే నిజంగా నిద్రపోయేవారు. అన్నం మాత్రం రెండోసారి అడిగి వేయించుకునేవారు. నాకు అది చాలు.

ఆటలో లారీ కొనడానికి బ్యాంకు కడన్ ఇస్తుంది. అప్పును ఆయన కడన్ అనే అనేవారు. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి చూశాను, చివరి వాయిదాలు దగ్గరపడగానే ఏదో ఒక ఇంజిన్ పోయేది, దానికి మళ్ళీ కొత్త కడన్. ఫైనాన్సు వాళ్ళ పేరు లేని లారీని ఆయన ఒక్కరోజు కూడా తోలలేదు. ఆటలో రెండో లారీ కొను, మూడోది కొను అని బ్యాంకు ఊరిస్తుంటే తోసేసి, వచ్చిన బాడుగ వచ్చినట్టు కట్టేవారు. ఒకరోజు పప్పు గిన్నె తీస్తుంటే నాతో అన్నారు:

"నా పేరు ఒకటే ఉండే వండిని ఒక్క తూరి తోలాల అమ్మణీ. పొయ్యేలోపల."

కర్మలన్నీ అయ్యాక, నిన్న మా అమ్మాయి ఆ కంప్యూటరు తెరిచింది. లారీ దారి మధ్యలో, ఒక హోటలు ముందు లోడుతో ఆగి ఉంది. ఈ లోడు దించితే కడన్ తీరిపోతుందట. ఇంటర్నెట్‌లో చిట్కా ఉంది, ఒక్క నిమిషంలో డబ్బు ఎక్కించి కట్టేస్తానంది. వద్దన్నాను. రాని బాడుగతో తీర్చింది తీర్చినట్టు కాదు.

గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని నేనే కూర్చున్నాను. నేను స్కూటీ కూడా తోలి ఎరుగను. మా అమ్మాయి పక్కన క్లీనరు. ఎడ్లబండి వేగంతో పోయాను. హారన్ కొట్టని ఆ దేశంలో వాళ్ళు కూడా నన్ను చూసి హారన్ కొట్టారు. ఒక టోల్‌గేటును కొంచెం గీకాను, జరిమానా పడింది, అయినా సరిపోయింది. లోడు దించేసరికి వాకిట్లో దీపం పెట్టే వేళ అయింది.

ఇక ఆపేయనా అమ్మా అని మా అమ్మాయి అడిగింది. కాసేపు ఉండనీ అన్నాను. పేరు పలకడం రాని ఆ ఊరి మార్కెట్లో, ఖాళీ లారీ లైట్లు వేసుకుని గుడగుడమంటూ నిలబడి ఉంది. పక్క అద్దంలో వెనక రోడ్డంతా ఖాళీగా కనిపిస్తోంది.

లారీ కడన్, మామగారి పేరున: నిన్నటితో తీరింది.