రూమ్మేట్ నింపిన స్కాన్ ఫారం

విదేశంలో, టూవూంబాలో చదివే రోజుల్లో ఒకసారి వారం పాటు నాకు తలనొప్పి తగ్గలేదు. సీటీ స్కాన్ ఐదు నిమిషాల్లో అయిపోయింది. రక్తస్రావం లేదు కానీ ఒకచోట నీడలా ఉంది, అదేమిటో ఎమ్మారైలో తెలుస్తుందన్నారు. ఆ నీడ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర లేదు.

కారున్న రూమ్మేట్ ఎమ్మారైకి తీసుకెళ్ళాడు. తల వంచలేకపోతున్నానంటే, స్కాన్‌కు ముందు ఇచ్చే ప్రశ్నల ఫారం వాడే నింపాడు. నన్నడక్కుండా అన్నిటికీ 'నో' అని టిక్కులు పెట్టాడు.

"చదవకుండానే పెట్టేస్తున్నావేంట్రా?"

"అంతా ఫార్మాలిటీరా బాబూ. ఆరింటికి నాకు షిఫ్టుంది, సంతకం పెట్టు."

పెట్టాను. ఎమ్మారై గది తలుపు దగ్గర టెక్నీషియన్ అవే ప్రశ్నలు మళ్ళీ అడిగింది. కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా అనగానే నాకు గుర్తొచ్చింది. ఇంటర్ సెలవుల్లో మామయ్య వెల్డింగ్ షాపులో పడింది. డాక్టరు తీశాడు, మొత్తం వచ్చిందో లేదో తెలియదని చెప్పాను. ఎమ్మారై యంత్రంలోని అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుందని, కంట్లో ముక్క మిగిలి ఉంటే కదిలి చూపు పోవచ్చని ఆమె చెప్పింది.

ముందు కళ్ళకు ఎక్స్‌రే తీశారు. ఏమీ లేదని చెప్పేదాకా ఆ కంటిని అరచేత్తో మూసుకునే కూర్చున్నాను. తర్వాత ఎమ్మారైలో ఆ నీడా ప్రమాదం కాదని తేలింది.

"నీ భయం వల్ల నా షిఫ్టు పోయిందిరా" అన్నాడు వాడు కారులో. ఇప్పటికీ కలిస్తే ఆ షిఫ్టు గురించే చెబుతాడు. టిక్కుల మాట ఒక్కసారీ ఎత్తలేదు.