ట్రే నా ఒళ్లోనే ఉంది

గోదావరిఖనిలో ఎవరికైనా దయ్యం పడితే నన్ను పిలవరు. ప్రింటర్ కాగితం పట్టకపోతే పిలుస్తారు. ఈ రెండింట్లో రెండోదాన్నే నేను నమ్ముతాను. ఇది రాస్తున్నప్పుడు కూడా అంతే. పేపర్ జామ్ తీసి పొట్ట పోసుకునేవాడికి దయ్యాలతో పనేముంది?

తెలంగాణ రాకముందు మాట. ఒక గని ఆఫీసులో పాత లేజర్ ప్రింటర్ ఉండేది. దాన్ని నడిపేది దావీదు కాక. అండర్‌గ్రౌండ్‌లో కాలు దెబ్బతిని, పైన ఆఫీసు డ్యూటీకి వచ్చినవాడు. గనిలో పని మొదలుపెట్టే ముందు కడ్డీతో పైకప్పును కొట్టి చప్పుడు వింటారు. ఖంగుమంటే భయం లేదు, డొల్లగా పలికితే వెనక్కి రావాలి. ఆ అలవాటును కాక పైకి కూడా తెచ్చుకున్నాడు. ప్రింటు ఇచ్చే ముందు కాగితాల ట్రేను వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి పెట్టి, "కప్పు మంచిగున్నది, నడువ్" అనేవాడు. కాగితం నడిచేది. కాగితాన్ని లోపలికి లాగే రోలర్ కంటే ఆయన వేలికే పట్టు ఎక్కువని నేనూ నవ్వేవాణ్ణి.

కాక సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయాడు. అప్పటి నుంచి ప్రింటర్ కాగితం ముట్టడం మానేసింది.

నన్ను పిలిపించిన రోజు, కాక బిడ్డ రూతుకు తండ్రి బదులు ఉద్యోగమిచ్చే ఆర్డరు ప్రింటు కావాలి. సంతకం చేయాల్సిన సారు మధ్యాహ్నం బదిలీ మీద వెళ్లిపోతున్నారు. కొత్త సారు వస్తే ఫైలు మళ్లీ మొదటికొస్తుంది. బయట ప్రింటు తీయడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆఫీసులో ఉన్న లేజర్ ప్రింటరేమో అదొక్కటే.

రోగం నాకు తెలిసిందే. బొగ్గు దుమ్ముకు, వయసుకు పికప్ రోలర్ రబ్బరు నా నెత్తిలాగే నున్నబడింది. కొత్తది వేశాను. దాని కింద ప్యాడ్ మార్చాను. చెమ్మ పట్టిందేమోనని కొత్త కాగితాల కట్ట విప్పి పెట్టాను. రోలర్ తిరుగుతోంది, కాగితం కదలదు.

ఎదురు సీటులో ఉన్న క్లర్కు లక్ష్మక్క ఊరుకోలేదు. "ఏంది తమ్మీ, రెండు దెబ్బలు కొట్టరాదు? కాక గట్లనే కొట్టేటోడు గదా."

"మెకానిక్‌ను అక్కా, మంత్రగాన్ని గాను."

"నీ మెకానికుతనం పొద్దటిసంది జూస్తనే ఉన్నం!"

గదంతా నవ్వింది, రూతు తప్ప. "అన్నా, కొడితే నీదేం పోతది?" అంది.

కొట్టొచ్చు. కానీ కొడితే నడిచిందనుకోండి, ఇన్నేళ్లుగా నేను మార్చిన రోలర్లన్నీ నన్ను చూసి నవ్వుతాయి. "కొట్టకుండనే తీస్త చెల్లె" అన్నాను. మొండితనమంటారా, అనండి.

ట్రే బయటికి లాగాను. పైమూత తెరిచి, కార్ట్రిడ్జ్ తీసి, టార్చి వేసి చూశాను. వెనక తలుపూ తీశాను. లోపల కాగితం ముక్క కూడా లేదు. అన్నీ మూసేసి, స్ప్రింగ్ చూద్దామని ట్రేను ఒళ్లో పెట్టుకున్నాను. ట్రే లేదని ప్రింటర్ మీద ఎర్రలైటు వెలుగుతోంది.

అప్పుడు ఒళ్లో ఉన్న ట్రే రెండుసార్లు ఖంగుమంది. ఆ అదురు నా తొడలకు తెలిసింది. నా ఒక చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది, ఇంకో చేతిలో స్ప్రింగ్ ఉంది.

ప్రింటర్ తిరిగింది. పైనుంచి కాగితం వచ్చింది. రూతు ఆర్డరు. ఒక్క మడత లేదు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. "కప్పు మంచిగున్నది" అని రూతు తనలో తాను అనుకున్నట్టు అంది. కాగితం తీసుకుని సారు గదికి పరుగెత్తింది. సంతకం పడింది.

లోపల ఇరుక్కున్న కాగితమే వచ్చి ఉంటుందని తోటి మెకానిక్కులు తేల్చేస్తారు. ఇరుక్కున్న కాగితం నలగకుండా రాదు. ఎర్రలైటు వెలుగుతుండగా యంత్రం ఎలా తిరిగిందంటే వాళ్లూ చెప్పరు, నేనూ చెప్పలేను. కాగితం లోపలికి పోకపోతే ఏం చేయాలో నేర్చుకున్నాను. లోపలికి పోకుండానే బయటికొస్తే ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు.

రూతు ఆ ఆఫీసులోనే ఉద్యోగం చేసుకుంటోంది. నేను ఇప్పటికీ ఏ ప్రింటర్‌నూ కొట్టలేదు. దయ్యాలను నమ్మను. కానీ టార్చి వేసి చూసి కూడా లోపల కాగితం వదిలేశానని ఎవరైనా అంటే మాత్రం, దయ్యాన్నే వెనకేసుకొస్తాను.