కర్రోడికి పెట్టిన పులుసు

మొన్న అనంతపురంలో మా మనవరాలు క్యారెట్టును సన్నగా తరిగి, ఉడికించి, చల్లార్చి, తన కుక్కపిల్లకు ఒక్కో ముక్కా అందిస్తుంటే పక్కన కూర్చుని చూశాను. బీన్సు పెట్టవచ్చట, గింజలు తీసిన గుమ్మడి మంచిదట, ఉల్లి, వెల్లుల్లి మాత్రం తగలనివ్వకూడదట. నేను తెలియనట్టే విన్నాను. ఆ సంగతి నాకు ఏనాడో తెలుసు, తెలిసిన తీరు మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు.

తనకల్లు దగ్గరి పల్లెకు నేను చిన్నకోడలిగా వెళ్ళేనాటికి, గొర్రెలు మేపే ఇంట పుట్టిన మా తోటికోడలు ఆ ఇంట్లో ఐదేళ్ళుగా పాతుకుపోయి ఉంది. అక్కా అని పిలిచేదాన్ని. ఆమె కెలికిన సంగటే మామగారికి మెత్తన, ఆమె అందించిన నీళ్ళే అత్తగారికి చల్లన. అన్నిటికన్నా నన్ను కోసింది చేను కాపలా కుక్క. నల్లగా ఉంటుందని కర్రోడు అనేవాళ్ళం. వానలు లేక శెనక్కాయ పంట పోయిన ఆ ఏడు సంగటి మనుషులకే చాలకపోతే, అక్క గుమ్మడికాయ చెక్కూ గింజలూ తీసి, ఉప్పు కారం లేకుండా ఉడికించి, కాస్త సంగటిలో పిసికి దానికి పెట్టేది. ఆమె అడుగుల చప్పుడుకే అది లేచి నిలబడేది. నేను పిలిస్తే చెవి కూడా కదిపేది కాదు. నోరులేని జీవం దగ్గర కూడా నేను రెండోదాన్నేనా అని కుమిలిపోయేదాన్ని.

వాళ్ళ నాయనకు బాగాలేదని అక్క పుట్టింటికి బయలుదేరి, గడప దిగినది మళ్ళీ వెనక్కి వచ్చి చెప్పింది.

“కర్రోనికి గుమ్మడికాయ ఉడకబెట్టి పెట్టు పాపా. ఎర్రగడ్డలేసిన కూర మాత్రం పెట్టొద్దు. మా నాయన మందకాడ అది తిని రెండు కుక్కలు సచ్చినాయి.”

ఎర్రగడ్డ అంటే మా వైపు ఉల్లిపాయ. ఆమె మంచికే చెప్పింది, నాకు మాత్రం కుక్క దగ్గరా ఈమె పెత్తనమేనా అనిపించింది. ఆ సాయంత్రమే ఎర్రగడ్డల పులుసు చిక్కగా కాచి సంగటిలో కలిపి పెట్టాను. కర్రోడు పళ్ళెమంతా నాకి, మొదటిసారి నా చెయ్యి కూడా నాకింది. నాలుగు రోజులు అదే పెట్టాను. అది నా వెంట బోరు దాకా నడిచి వస్తుంటే, అక్క ఇది చూడాలని తహతహలాడాను.

ఐదో రోజు అది లేవలేదు. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి, మూత్రం కాఫీ డికాషను రంగులో పడింది. మా ఆయన, బావగారు దాన్ని పశువుల ఆసుపత్రికి మోసుకుపోతే నేనూ వెళ్ళాను. ఏం పెట్టారని డాక్టరు అడిగితే సంగటి, గుమ్మడికాయ అన్నాను. కబురందుకుని అక్క బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చింది. కుక్క పెదవి ఎత్తి చూసింది, తరువాత నా మొహం చూసింది.

“ఎర్రగడ్డల పులుసు తినింటాది సార్. నేను పొయ్యేటప్పుడు గిన్నె మూత పెట్టకుండా పోయినా.”

“ఇంత తెలిసినదానివి, బుద్ధి యాడ పెట్టుకున్నావు?” అని బావగారు అందరి ముందూ ఆమెను తిట్టాడు. ఆమె తల దించుకుంది. నాకు కృతజ్ఞత కలగలేదు సరికదా, తప్పు మోయడంలోనూ ఈమే ముందా అని ఇంకా మండింది.

డాక్టరుకు కారణం తెలిసింది, కర్రోడు బతికింది. ఇరవై రోజులకు లేచి తిరిగి, నేరుగా నా దగ్గరికే వచ్చి చెయ్యి నాకింది. అన్నాళ్ళు నేను కోరుకున్నది అదే. ఆ తడి ఒక్క క్షణం కూడా భరించలేక చెయ్యి వెనక్కి లాక్కుని, అక్క దగ్గరికి వెళ్ళి గుమ్మడికాయ ఎంతసేపు ఉడకాలని అడిగాను. ఆమె ఏమీ ఎత్తిపొడవకుండా పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది.

ఆ ఇల్లు తరువాత భాగాలయింది, అక్క పోయి కూడా ఏళ్ళయింది. ఒకే పొయ్యి దగ్గర ఆమెను ఓర్వలేకా, విడిచి ఉండలేకా నేను గడిపిన కాలం అది. ఇప్పుడు ఎవరి వంటిల్లు వారిదే, ఎవరినీ చూసి కుళ్ళుకోవలసిన పని లేదు. నాకు మాత్రం ఆమె మీద అసూయ ఇంకా చావలేదు, ఆ మాట ఒప్పుకుందామంటే వినడానికి ఆమె లేదు.