మొన అరగదీసిన కత్తి

పక్షవాతం వచ్చి మా ఆయన కుడి చెయ్యి, కుడి చెంప చచ్చుబడ్డాక, గడ్డం గీసే పని నా మీద పడింది. దూలపల్లిలో మా సందు చివరే మంగలి షాపు ఉంది. ఇంటికే వచ్చి గీస్తానన్నాడు అతను. ఈయన ఒప్పుకోలేదు. మూతి వంకరపోయిన సంగతి షాపులో ముచ్చట అవుతుందని భయం. ట్రిమ్మర్ కొనమని పక్కింటావిడ చెప్పింది. వాళ్లు కోస్తా నుంచి వచ్చినవాళ్లు, ఏ కష్టమైనా ఫోన్‌లో బుక్ చేస్తే తీరిపోతుందనుకుంటారు. దానికీ ఈయన తల అడ్డంగా ఊపాడు. మడిచి పెట్టుకునే పాత కత్తి ఒకటుంది, పెళ్లికి ముందు నుంచీ దాంతోనే గీసుకునేవాడు. నన్నెన్నడూ ముట్టనివ్వలేదు. ఆడవాళ్ల చెయ్యి తగిలితే పదును పోతుందట. ఇప్పుడు అదే నా చేతికొచ్చింది. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. నిజానికి రెండూ రాలేదు.

మొదట్లో బాగానే గీశాను. ఒక ఉదయం కుడి చెవి కింద గీస్తుంటే కత్తి మొన గుచ్చుకుంది. దాని అంచు చివర సూదిలాంటి మూల ఉంటుంది. నా చూపంతా అంచు మీదే ఉంది, మూలను చూసుకోలేదు. నురగ ఎర్రబడి, రక్తం మెడ మీదుగా బనియన్‌లోకి దిగింది. ఆయన మాత్రం కిటికీలోంచి రోడ్డు మీది లారీలను చూస్తూ కూర్చున్నాడు.

“నొప్పి లేస్తలేదా?” అన్నాను.

“దేనికి?” అన్నాడు.

పటిక అద్ది రక్తం ఆపాను. బనియన్ మార్చి, దాన్ని నానబెట్టి, అన్నం వండాను. ఆ పూటంతా నాకు ఏమీ అనిపించలేదు. మొద్దుబారింది ఆయన చెంపే కాదు, నేను కూడానేమో.

మూలను అరగదీద్దామంటే కస్సుమన్నాడు. మీసం అంచు దిద్దడానికి అదే కావాలట.

“మీసం దిద్దేది గూడ ఇగ నేనే గదా. నీకెందుకు పరేషాన్?” అన్నాను.

సగం మూతితో నవ్వాడు. బతుకంతా లేత్ మిషన్ దగ్గర గడిపిన మనిషి, పని చెప్పకుండా ఉండలేడు. సానరాయి తడపమన్నాడు.

“కత్తి నిలవెట్టు. పండవెట్టకు. అంచు జోలికి పోకు, మూల ఒక్కటే రాయికి ముట్టియ్యి. అదుమకు.”

మాటలు ముద్దముద్దగా వచ్చాయి. చెప్పినట్టే మూలను రాయి మీద మెల్లగా దొర్లించాను. మధ్యమధ్య ఆపి తడి వేలితో తడిమి చూశాను. కాసేపటికి అది గోరు చివరలా గుండ్రబడింది.

“ఇగ సాలు” అన్నాడు.

ఆ తర్వాత ఒక్క గాటు కూడా పడలేదు. నిశ్చింతగా ఉండాలి కదా, కానీ నాకు ఇంకో బెంగ పట్టుకుంది. చెంపకు స్పర్శ మెల్లగా రావచ్చని మేడ్చల్ డాక్టరు చెప్పాడు. కత్తి గుచ్చుకోనప్పుడు, వచ్చిందో లేదో నాకెలా తెలియాలి? అందుకే గీసినప్పుడల్లా అడిగేదాన్ని.

“తెలుస్తాందా?”

మొదట్లో లేదనేవాడు. తర్వాత్తర్వాత కొంచెం కొంచెం అన్నాడు. ఈ మధ్య ఎప్పుడడిగినా “తెలుస్తాంది” అంటున్నాడు. నయమవుతోందని మా అక్కకు ఫోన్ చేసి కూడా చెప్పాను. చాలా రోజులకు ఆ రోజు కడుపు నిండా తిన్నాను.

నిన్న కుడి చెంపకు నురగ పూశాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. కత్తిని చెంప దాకా తీసుకెళ్లి, ఎందుకో అక్కడే ఆపేశాను. ఆనించలేదు.

“గిప్పుడు?” అన్నాను.

“తెలుస్తాంది. నిన్నటికంటె మంచిగ తెలుస్తాంది” అన్నాడు.

కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాను. కళ్లు తెరుస్తాడేమోనని భయమేసింది.

“గట్లనా, మంచిదే” అని, చెంపకు కత్తి ఆనించి గీయడం మొదలుపెట్టాను.