రాదని చెప్పిన మినహాయింపు

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. ఒంటి బరువు సంగతి కాదు, అది చూసేవాళ్లకు కనిపిస్తూనే ఉంది. ఇది కనిపించనిది. కనిపించకుండా దాచడానికే నాకున్న కాస్త తెలివీ ఖర్చయిపోయింది. స్టాఫ్‌రూమ్ తలుపు ఎవరైనా గట్టిగా తోస్తే నా కోసమే వచ్చారనుకుంటాను. ప్రిన్సిపాల్ ఒకసారి రమ్మన్నారని కబురొస్తే, ఆ గది దాకా నడిచేలోపే నా ఉద్యోగం పోతుంది, పదిమందిలో పరువు పోతుంది, సరూర్‌నగర్‌లో మా ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలా అని ఆలోచన కూడా మొదలవుతుంది. తీరా వెళితే ఆయన అడిగేది పరీక్షల డ్యూటీ గురించి.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. నా పేరు రాయను. నా వల్ల నష్టపోయిన అమ్మాయిని స్వరూప అంటాను, అది అసలు పేరు కాదు.

అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు పీజీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ని. అతిథిని అన్నమాట. మర్యాద తెలిసిన అతిథి ఎప్పుడు లేవాలో తనే గ్రహిస్తుంది. నేను కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చున్న రకం. ఎం.కాం. అకౌంటింగ్ పిల్లలకు కాస్ట్ అకౌంటింగ్ చెప్పేదాన్ని. అది కోర్ పేపరు. కోర్ పేపరంటే ఎవరూ కోరని పేపరు అని మొదటి క్లాసులో నేనే జోకు వేసేదాన్ని. పాపం, నవ్వేవాళ్లు. కోరకపోయినా చదివి తీరాలి. అయితే ఆడిటర్లు కావడానికి చదివే వృత్తి కోర్సు పరీక్షల్లో ఆ సబ్జెక్టు ముందే పాసై వచ్చినవాళ్లకు మినహాయింపు ఉండేది. వాళ్లు మళ్లీ క్లాసులో కూర్చోనక్కర్లేదు, పరీక్ష రాయక్కర్లేదు. ఎవరికి అర్హత ఉందో చూసి పైకి సిఫారసు చేసే పని ఎవరికీ ఇష్టం లేక నాకు అంటగట్టారు.

కాలేజీలో ఇంకో పద్ధతి ఉండేది. ఏ పేపరుకైనా పదిమంది కన్నా తక్కువ మిగిలితే, ఆ క్లాసును ఎల్బీనగర్‌లో ఉన్న మా రెండో బ్రాంచిలో కలిపేసేవారు. అక్కడ చెప్పడానికి వేరే మనిషి ఉన్నారు. ఇక నేను ఇంటికే. ఆ ఏడాది ఇద్దరికి మినహాయింపు ఇచ్చాక సరిగ్గా పదిమంది మిగిలారు. హమ్మయ్య అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే స్వరూప వచ్చింది.

పోచంపల్లి వైపు నేతపని ఇంటి అమ్మాయి. హాస్టల్లో ఉండేది. నేనెక్కడున్నా, మెట్ల మీదైనా సరే, ఆగి నమస్తే పెట్టేది.

"మేడం, నాది కాస్టింగు పాసయింది కద. ఎగ్జెంప్షన్ ఇస్తరంట."

"ఎప్పుడు పాసయ్యావు?"

"ఈడ చేరకముందే. సర్టిఫికెట్ తెచ్చిన. ఎల్బీనగర్ల ఒక ఆడిట్ ఆఫీసు సారు పొద్దుగాల వస్తనంటేనే ట్రైనింగుకు తీసుకుంటడంట. మన క్లాసు సుత పొద్దుగాలనే ఉంటది. పాసయిన పేపరుకు మళ్ల క్లాసంటే, పెండ్లయినోళ్లకు పెండ్లిచూపులు పెట్టినట్టుంటది మేడం."

నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే, "ఇద్దరికి ఇచ్చాక రూలు మార్చారమ్మా. ఇక రాదు" అన్నాను.

"గట్లెట్ల మేడం? జర అడిగి చూడున్రి."

"సరే, రేపు కనపడు."

అడగలేదు. ఎవరిని అడగాలి? అడగాల్సిన మనిషిని నేనే. మర్నాడు ఆమె వస్తే, "చాలాసేపు బతిమాలానమ్మా, కుదరదన్నారు" అని చెప్పాను. బతిమాలానన్న ముక్క ఎందుకు కలిపాను? అంత అవసరం లేదు కదా. ఉత్త అబద్ధం చప్పగా ఉందనిపించిందేమో, నా మంచితనం కూడా కాస్త చల్లాను.

"నా కోసం అడిగిన్రు, గది చాలు మేడం" అంది.

ఆ ఆడిట్ ఆఫీసుకు ఆమె వెళ్లలేదు. నా క్లాసులో మొదటి బెంచీలో, తనకు అంతకు ముందే వచ్చిన లెక్కల్ని కొత్తగా నేర్చుకుంటున్నట్టు శ్రద్ధగా రాసుకుంది. ఒకరోజు నష్టాల పాఠం చెప్పాల్సి వచ్చింది. తయారీలో ఎలాగూ పోయేది సాధారణ నష్టం, దాన్ని మంచి సరుకు ధరలో కలిపేస్తాం. ఎవరో చేసిన తప్పు వల్ల పోయేది అసాధారణ నష్టం, దాన్ని కలపకూడదు, విడిగా చూపించాలి. చెబుతూ చెబుతూ ఆమె వైపు చూశాను. గొంతు బాగాలేదని చెప్పి క్లాసు వదిలేశాను.

ఎందుకు చేశాను? పొయ్యి వెలగని ఇల్లేం కాదు మాది. మా ఆయన జీతం వచ్చేది. ఆకలి అని చెప్పుకోగలిగితే మీరు కాస్త జాలిపడేవారేమో, కానీ ఆ వీలు కూడా లేదు. పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని బయటికి వెళ్లడం, "మేడం" అనిపించుకోవడం, ఆ రెండూ పోతే నాలో ఇంకేం మిగులుతుందో నాకు తెలియలేదు. దాని కోసమేనా ఒక పిల్ల దారికి అడ్డం పడ్డాను? అవును, దాని కోసమే. మరుసటి ఏడాది నన్ను పర్మినెంట్ చేశారు కూడా. స్వీట్లు పంచాను. స్వరూప రెండు తీసుకుంది.

ఆ ఆఫీసు ట్రైనింగు లేక ఆమె వృత్తి కోర్సు సగంలోనే ఆగిపోయింది. ఆ ఆఫీసులో ఆమెకు బదులు చేరినమ్మాయి పేరు ఇప్పుడు అక్కడి బోర్డు మీద, సారు పేరు కింద ఉంది. ఎల్బీనగర్‌లో మెట్రో దిగితే ఆ బోర్డు కనిపిస్తుంది. అందుకని వేరే వైపు మెట్లు దిగి, చుట్టూ తిరిగి నడుస్తాను. స్వరూప వెళ్లి ఉంటే ఆమె పేరే ఉండేదని ఎవరు చెప్పగలరు? ఉండకపోయేదేమో. ఆ "ఏమో"ను పట్టుకునే ఇన్నేళ్లు నిద్రపోయాను.

ఇప్పుడు ఆమె మా కాలేజీలోనే లెక్చరర్. నా పక్క టేబులే. డబ్బాలో కూర నాకు పెట్టకుండా తినదు. ఆ కూర గొంతు దిగడానికి నేను పడే పాట్లు చూసి, కారం ఎక్కువైందేమో అనుకుని, మర్నాడు తగ్గించి తెస్తుంది.

పోయిన వారం ప్రిన్సిపాల్ మినహాయింపుల పని మా ఇద్దరికీ కలిపి అప్పగించారు. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. ఎవరో పిల్ల అచ్చం తన లాంటి కేసుతో వచ్చిందట. "మేడం, మా అప్పుడు మారిన రూలు మళ్ల ఎప్పుడు తీసేసిన్రు? పాత కాయిదాలల్ల యాడ సుత దొరుకుతలేదు" అని అడిగింది. అనుమానం లేదు ఆ గొంతులో. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇప్పుడైనా చెప్పు, చెప్పు అనుకుంటూ, "రూలు మారలేదు స్వరూపా. అప్పుడు నేను పొరపాటు పడ్డాను" అన్నాను.

ఆమే నన్ను ఓదార్చింది. "పోనీయున్రి మేడం. మీరు కావాలని చేసిన్రా ఏంది? గిప్పుడు పరేషాన్ కాకున్రి."

సగం నిజం చెప్పి పూర్తి క్షమ కొట్టేశాను. ఆమె పెద్దమనసు చేసుకుని వదిలేసింది ఒక పొరపాటును. అలాంటి పొరపాటు ఏదీ జరగలేదు.

సోమవారం మేమిద్దరం కలిసి కూర్చోవాలి. పదిమంది పద్ధతి ఇప్పటికీ ఉంది, అది ఆమె ముందుకు వస్తుంది. ఆ ఏడాది క్లాసులో ఎంతమంది ఉన్నారో ఆమెకు గుర్తుండే ఉంటుంది. ఆమె తలెత్తి నా వైపు చూసే ఆ క్షణాన్ని ఈ వారమంతా రోజూ చూస్తున్నాను. అప్పుడు నేనేం చెబుతానో నాకే తెలియదు. మళ్లీ అబద్ధమాడనని మీకు మాట ఇవ్వలేను, నా సంగతి నాకు తెలుసు.

ఆమెకు మినహాయింపు వస్తుందని నాకు తెలుసు. తెలిసే రాదన్నాను. నా కుర్చీ కోసం, కావాలనే అన్నాను.

రాశాను. భయం ఉన్నచోటే ఉంది. కానీ ఈ మాటను మధ్యలో మింగకుండా చివరిదాకా అనడం నాకు ఇదే మొదటిసారి.