ఎనభయ్యో గీత కోసం మైపాడు దాకా

కోవూరు నుంచి మైపాడు పోవాలంటే పొద్దున్నే బయలుదేరడం మంచిది, ఎండ ముదరకముందే సముద్రం చేరుకోవచ్చు. మేము ఏడు గంటల బస్సెక్కాం. మేమంటే నేను, మా ఆడబిడ్డ రవణమ్మ. సముద్రం ఒక వంక. అసలు పని ఆమెకు ఒక గీత చూపించడం.

నేను అక్షరాలు నేర్చుకున్నది మనవలు పుట్టాక, మా వీధిలోని సాయంత్రం బడిలో. రవణమ్మను కూడా రమ్మంటే, "నాట్లేసే చేతికి పలక ఎందుకు వదినా" అని నవ్వేది. ఈమధ్య మా టీచరమ్మ భూగోళం బొమ్మ తెచ్చింది. అడ్డంగా చుట్టుకునే గీతలు అక్షాంశాలు, పైనుంచి కిందికి దిగేవి రేఖాంశాలు అని చెప్పింది. ఎనభయ్యో రేఖాంశం నెల్లూరు అంచుల్లోనే, మైపాడు దారిలో వస్తుందట. నేను ఇంటికి రాగానే రవణమ్మతో పందెం కట్టాను. గీత చూపిస్తే ఆమె బడికి రావాలి. చూపించలేకపోతే నేను ఇంక ఆమె దగ్గర బడి మాటెత్తకూడదు.

గీత నేలమీద ఉంటుందనడంలో నాకు అనుమానమే రాలేదు. మా పొలం పటంలో గీసిన ప్రతి గీతకూ పొలంలో గట్టు ఉంది, మూలకో రాయి ఉంది. భూమి మొత్తానికి గీసిన పటానికి రాళ్లు ఉండవా అనుకున్నాను.

నెల్లూరులో ఇడ్లీ తిని మైపాడు బస్సు మారాం. ఆధార్ కార్డు చూసి కండక్టరు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ ఇచ్చాడు. "గీత దాటినా సున్నానేనా?" అంది రవణమ్మ. ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. ఇళ్లు పలచబడి పొలాలు మొదలయ్యాక గట్టు మీద ఒక రాయి కనబడింది. బస్సు ఆపించి దిగి చూశాం. దాని తలమీద బాణం గుర్తు చెక్కి ఉంది, ఫోనులోని దిక్సూచి పెట్టి చూస్తే బాణం సరిగ్గా ఉత్తరానికి.

"ఇదేనా?" అంది రవణమ్మ మెల్లగా.

"ఇదే. ఆ చివర ఉత్తర ధ్రువం, ఈ చివర దక్షిణ ధ్రువం."

ఆమె చెప్పులు విడిచింది. కొప్పులోని కనకాంబరాలు తీసి రాయి మీద పెట్టి దండం పెట్టుకుంది. అంతలో పార భుజాన వేసుకుని ఒకాయన వచ్చాడు.

"ఏందమ్మా, నా రాయికి పూలు పెడతా ఉండారు?"

"ఈ గీత యాడిదాకా పోతాదన్నా?" అని అడిగింది రవణమ్మ.

"యాడికి పోతాది! ఆ కాలవ దాకా. మా తమ్ముడూ నేనూ పంచుకున్నప్పుడు సర్వేయరు పాతించినాడు. మా తమ్ముడికి గూడా ఇంత భక్తి ఉంటే బాగుండు."

ఆయన నవ్వుతూనే పోయాడు. నేను రవణమ్మ ముఖం చూడలేదు. ఆమె చెప్పులు తొడుక్కుని రోడ్డెక్కింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాతి బస్సులో మైపాడు చేరేసరికి పది దాటింది. అక్కడ ఇసుక మెత్తగా ఉంటుంది, చేపలు కళ్లముందే వేయించి ఇస్తారు. నేను మాత్రం నా వంతు కూడా రవణమ్మ ముందుకే జరిపాను. ఎదురుగా పడవలు కనుచూపు దాటి పోతున్నాయి. అంత నీటిలో ఒక గట్టు లేదు, ఒక రాయి లేదు. పాతడానికి చోటే లేదు. నీళ్ల మీద గీత ఎక్కడ ఉంటుందని అప్పుడు నాకు అనుమానం వచ్చింది. టీచరమ్మకు ఫోన్ చేశాను.

ఆమె ముందు నవ్వింది, తర్వాత ఆపుకుంది. "గీతలు భూమ్మీద ఉండవమ్మా. ఎవరు ఎక్కడున్నారో చెప్పుకోడానికి మనుషులు వేసుకున్న లెక్క. నేను మీ ఫోనులో వేసిచ్చిన దిక్సూచి ఉంది కదా, దాని అడుగున రెండు అంకెలుంటాయి. వచ్చేటప్పుడు చూస్తూ రండి."

ఆ అంకెలు రోజూ నా కళ్లముందే ఉన్నాయి. చదవడం వచ్చీ చదవలేదు.

తిరుగు బస్సులో ఫోను మా ఇద్దరి మధ్య పట్టుకుని కూర్చున్నాను. మేము పడమరకు పోతున్నాం కనక మొదటి అంకె పద్నాలుగు మీదే నిలిచింది. రెండోది ఎనభై. దాని పక్కనున్న చిన్న అంకె తగ్గుతూ, తగ్గుతూ సున్నా అయింది. చూస్తుండగానే ఎనభై పోయి డెబ్బై తొమ్మిది వచ్చింది.

"ఇదిగో, ఇప్పుడే దాటాం!"

రవణమ్మ కిటికీలోంచి చూసింది. పంచర్ల కొట్టు, పక్కన కోళ్ల అంగడి. "ఈడనా?"

"ఈడనే. అంకె మారింది చూడు."

"నాకేం తెలుసు? పొద్దున నువ్వు రాయి చూపిస్తే పూలు పెట్టినాను. ఇప్పుడు ఫోను చూపిస్తా ఉండావు." ఫోను తన వైపు తిప్పుకుని అడిగింది. "బడి ఎన్నింటికి?"

"ఆరింటికి. ఎందుకు?"

"ఇంక నీ మాట నమ్మి యాడా దండం పెట్టను వదినా. ఆ అంకెలేవో నేనే చదువుకుంటా."

పందెం నేను గెలిచినట్టే. నెల్లూరులో బస్సు మారాక కూడా పూలు లేని ఆ కొప్పు నా భుజానికి ఆనుకునే ఉంది. పెన్న వంతెన దాటేదాకా సిగ్గేసి నేను అటు తల తిప్పలేదు.